బాబాయి అడిగిన రక్తపరీక్ష

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా బాబాయి అరుగు మీద నా పక్కన కూర్చుని, "అమ్మాయ్, నువ్వు పొద్దస్తమానం రక్తం పరీక్షలే కదా చేసేది, తలకాయ లోపల దెబ్బ తగిలిందో లేదో రక్తంలో తెలుస్తాదా?" అని అడిగాడు. నేను హైదరాబాద్‌లో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబులో పదిహేనేళ్లుగా బయోకెమిస్ట్రీ చూస్తున్నాను, షుగర్, క్రియాటినిన్, థైరాయిడ్, ట్రోపోనిన్, రోజంతా ఇవే, కాబట్టి ఆయన నన్ను అడగడంలో వింతేమీ లేదు. "ఉంది బాబాయ్" అని వెంటనే అనేశాను. ఆ తర్వాత చెప్పాల్సిన "కానీ" మాత్రం గొంతులోనే ఉండిపోయింది. ఆ కానీ చాలా పెద్దది, భోజనాలకు పిలిచేలోపు రెండు ముక్కల్లో తేల్చేది కాదు. అప్పటినుంచి డ్యూటీ అయ్యాక రాత్రిళ్లు కూర్చుని చదువుతూ వచ్చాను. మన ఊళ్లలో ఇలాంటి బాబాయిలు, మామయ్యలు, తాతలు చాలామంది ఉన్నారు, వాళ్ల పిల్లలకైనా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ముందు బాబాయి సంగతి చెప్పాలి. మాది గిద్దలూరు పక్కన పల్లె. మా వైపు మిలిటరీకి వెళ్లినవాడు లేని వీధి ఉండదు. బాబాయి పదోతరగతి అయ్యాక 1986లో భర్తీలో సెలెక్టయ్యి, గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగ్ పూర్తిచేసి, గన్నర్‌గా రెజిమెంటుకు వెళ్లాడు. ఇరవై రెండేళ్లు చేసి 2008లో హవల్దారుగా రిటైరయ్యాడు. ఆయన పనిచేసింది ఎక్కువగా 105 ఎంఎం ఫీల్డ్ గన్ మీద. 1999 వేసవిలో కార్గిల్ యుద్ధమప్పుడు ద్రాస్ దగ్గర ఉన్నాడు, మిగతా ఏళ్లన్నీ రాజస్థాన్ ఇసుకలో ఫైరింగ్ ప్రాక్టీసులు, మధ్యలో దేవలాలీలో కోర్సులు. రిటైరయ్యేటప్పుడు చెవులు పరీక్షించి వినికిడి తగ్గిందని కాగితం మీద రాశారు. తల గురించి ఎవరూ ఏమీ అడగలేదు, అప్పటికి ఆయనకూ చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు.

ఊరికొచ్చాక కొన్నాళ్లు చీటీలు నడిపాడు. ఇరవైమంది చీటీ, ఎవరు ఎన్ని వాయిదాలు కట్టారు, ఎవరు ఎంత తగ్గించి పాడారు, పుస్తకం తెరవకుండా చెప్పేవాడు. గన్ దగ్గర అలవాటైన లెక్కల బుర్ర అది. ఐదారేళ్ల కిందట ఒకరోజు ఒకే మనిషికి రెండుసార్లు డబ్బులిచ్చేశాడు. ఇంకోరోజు పుస్తకం ముందు పెట్టుకుని గంటసేపు కూర్చుని మూసేశాడు. ఆ తర్వాత చీటీలు మానేశాడు. తలనొప్పి ఎప్పటినుంచో ఉంది, ట్యూబులైటు వెలుతురు కూడా పడదు, రాత్రి రెండింటికి లేచి వసారాలో తిరుగుతుంటాడు. పిన్ని ఒకసారి నాతో అంది: "ఆయనకు కోపమొస్తే నాకు భయం లేదమ్మా. కోపం దిగినాక ఎందుకు అరిచినాడో ఆయనకే గుర్తుండదు చూడు, అప్పుడు భయమేస్తాది." టౌన్లో ఒక పెద్ద ఆసుపత్రిలో ఎంఆర్ఐ తీయించాం. నార్మల్ అన్నారు. వయసు, బీపీ, టెన్షన్ తగ్గించుకోండి అన్నారు. మిలిటరీలో చేశారా అని అడిగారు గానీ, ఏం చేశారు, ఎన్ని రౌండ్లు కాల్చారు అని అడిగినవాళ్లు లేరు.

ఆయన బాధంతా గన్నుల వల్లే అని నేను అనను. ఆయనకు బీపీ ఉంది, నిద్ర లేదు, అరవైకి దగ్గరపడుతున్నాడు. కానీ ఆ ప్రశ్న అడగకపోవడం మాత్రం తప్పే అని నా గట్టి నమ్మకం.

ఉందని చెప్పిన ఆ పరీక్ష సంగతికొస్తాను. 2018 ఫిబ్రవరిలో అమెరికాలో మందులకు, వైద్య పరీక్షలకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ మొదటిసారి తలదెబ్బకు ఒక రక్తపరీక్షను అనుమతించింది, దాని పేరు బన్యన్ బ్రెయిన్ ట్రామా ఇండికేటర్. ఆ పరిశోధనకు డబ్బు పెట్టింది అమెరికా రక్షణశాఖే. 1,947 మంది రక్తం పరీక్షించి, సీటీ స్కాన్‌తో పోల్చి చూశారు. చూసేది రెండు ప్రొటీన్లు. ఒకటి జీఎఫ్ఏపీ, ఇది మెదడులో నాడీకణాలకు ఆసరాగా ఉండే నక్షత్రాకారపు కణాల్లో, అంటే ఆస్ట్రోసైట్లలో ఉంటుంది. రెండోది యూసీహెచ్-ఎల్1, ఇది ఎక్కువగా నాడీకణాల్లో ఉండే ఎంజైమ్. మెదడుకు దెబ్బ తగిలితే ఇవి బయటికి కారి కొద్దికొద్దిగా రక్తంలోకి చేరతాయి. 2021 జనవరిలో అబాట్ కంపెనీవాళ్ల చేతిలో పట్టే ఐ-స్టాట్ మెషీన్‌కు ఇదే పరీక్ష వచ్చింది, అయితే రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా, అంటే కణాలు తీసేసిన ద్రవం, వేరుచేయాల్సి వచ్చేది. 2024 ఏప్రిల్‌లో ఆ అవసరం కూడా లేకుండా, నరంలోంచి తీసిన రక్తం నేరుగా కార్ట్రిడ్జిలో వేస్తే 15 నిమిషాల్లో ఫలితం వచ్చేలా అనుమతి దొరికింది. దెబ్బ తగిలిన 24 గంటల లోపు చేయాలి.

మా పనిలో ఉన్నవాళ్లకు ఈ అంకెలు చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. ప్లాస్మా పరీక్షలో జీఎఫ్ఏపీకి గీత 30 పికోగ్రాముల దగ్గర గీశారు, అదీ ఒక మిల్లీలీటరుకు, అంతకు చేరితే పాజిటివ్. పికోగ్రామంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. మేం రోజూ చూసే షుగర్ దీనికి కోట్ల రెట్లు పెద్ద పరిమాణం. మెదడు నుంచి తప్పించుకుని వచ్చిన ఆ కాస్త ప్రొటీన్‌ను పట్టుకోగలగడం మామూలు విషయం కాదు.

అయితే ఈ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో చూడాలి. బైకు మీదనుంచి పడ్డాడు, తల కొట్టుకుంది, స్పృహలో ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, ఇతనికి సీటీ స్కాన్ తీయాలా వద్దా? దానికే ఈ పరీక్ష. సీటీలో కనపడే రక్తస్రావమో గాయమో ఉన్నవాళ్లు 100 మంది ఉంటే దాదాపు 96 మందిని ఇది పట్టుకుంటుంది. గాయం లేనివాళ్లు 100 మంది ఉంటే మాత్రం 40 మందినే లేదని వదిలిపెడుతుంది, మిగతా 60 మందికీ పాజిటివ్ చూపించి స్కాన్‌కు పంపుతుంది. ఎమర్జెన్సీలో అది సరైన బేరమే, ఒక్కరిని కూడా పోగొట్టుకోకూడదు కాబట్టి. ఒక్క దెబ్బ, ఒక్క రోజు, ఒక్క నిర్ణయం. మా బాబాయి ప్రశ్న ఇది కానే కాదు.

బాబాయికి ఇరవై రెండేళ్లలో ఏ ఒక్కరోజూ తలకు దెబ్బ తగల్లేదు. పడలేదు, స్పృహ తప్పలేదు, గాయం లేదు. గన్ పేలిన ప్రతిసారీ గొట్టం మూతి దగ్గర పుట్టిన ఒత్తిడి అల పక్కన నిలబడ్డవాళ్ల ఒంట్లోంచి దూసుకుపోతుంది. ఆయన మాటల్లో చెప్పాలంటే, "చెవుల్లో దూది పెట్టుకున్నా రొమ్ము మీద ఎవరో అరచేత్తో కొట్టినట్టుంటాది, పళ్లు కదిలినట్టుంటాది." ఇలాంటిది ఒకటి ఏమీ చేయకపోవచ్చు. వంద కూడా ఏమీ చేయకపోవచ్చు. వేలల్లోకి వెళ్తే ఏమవుతుంది అనేదే ఇప్పుడు సైన్యాలు, డాక్టర్లు తల బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న. అమెరికన్లు ఎక్కువగా పరీక్షించింది బ్రీచర్లను, అంటే తలుపులు, గోడలు పేలుడు పదార్థంతో బద్దలుకొట్టి లోపలికి దూరే జట్లను. వాళ్లతో పాటు ఫిరంగి సిబ్బంది, మోర్టార్ సిబ్బంది, భుజం మీదనుంచి పేల్చే కార్ల్ గుస్తాఫ్ లాంటి ఆయుధాల శిక్షకులు. వీళ్లలో చాలామందికి ఈ పేలుళ్లు శత్రువువి కావు, వాళ్ల సొంత ఆయుధాలవే, చాలావరకు ట్రైనింగులోనే. 2017లో సిరియాలోని రక్కా మీద అమెరికా మెరైన్ల ఫిరంగి దళం ఒకటి ఐదు నెలల్లో 35,000 రౌండ్లు కాల్చింది, రెండు గన్నుల గొట్టాలు కాలిపోయి పాడయ్యేంతగా. ఇనుప గొట్టానికే అంత అయితే దాని పక్కన నిలబడ్డ పిల్లల సంగతి అడగాలి కదా. ఇంటికొచ్చాక వాళ్లలో కొందరికి తలనొప్పులు, నిద్ర లేకపోవడం, లేనివి కనిపించడం మొదలయ్యాయని తర్వాత అక్కడి పత్రికలు రాశాయి.

ఇది కొత్త గొడవ కూడా కాదు. 1915లో చార్లెస్ మయర్స్ అనే డాక్టరు లాన్సెట్ అనే వైద్య పత్రికలో, ఫిరంగి గుండ్ల మధ్య సైనికులు చెదిరిపోవడాన్ని చెప్పే షెల్ షాక్ అన్న మాటతో వ్యాసం రాసినప్పటినుంచీ, ఇది మెదడు గాయమా మనసు గాయమా అని వాదన నడుస్తూనే ఉంది. నాకు కోపం తెప్పించేది ఏంటంటే, ఆ వందేళ్లలో ఎక్కువ కాలం అనుమానపు భారం సైనికుడి మీదే పడింది. స్కానింగులో ఏమీ లేదు కాబట్టి నీకు ఏమీ లేదు. 2020 జనవరి 8న ఇరాక్‌లో అమెరికా సైనికులున్న అల్ అసద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు పడ్డప్పుడు మొదట ఎవరికీ ఏమీ కాలేదన్నారు. తర్వాత 11 మంది అన్నారు, తర్వాత 34, 50, 64, చివరికి 110 మందికి మెదడు గాయమని తేలింది. దాచిపెట్టారని అనుకున్నా అనుకోకపోయినా, ఒక విషయం మాత్రం నిజం, పేలుడు అల తాకిన మెదడు బయటికి ఏమీ చూపించదు, మనిషి లేచి నడుస్తాడు, డ్యూటీ చేస్తాడు, వారం తర్వాత తల పట్టుకుని కూర్చుంటాడు.

మరి లోపల ఏముంటుంది? దీనికి జవాబు చనిపోయినవాళ్ల మెదళ్లలో దొరికింది. అమెరికాలో బెథెస్డాలోని సైనిక వైద్య విశ్వవిద్యాలయంలో డేనియల్ పెర్ల్ అనే న్యూరోపాథాలజిస్టు, అంటే మెదడు కణజాలం పరీక్షించే డాక్టరు, ఆయన బృందం పేలుళ్లకు గురైన ఎనిమిది మంది సైనికుల మెదళ్లను పరీక్షించి 2016లో లాన్సెట్ న్యూరాలజీలో ప్రచురించారు. మెదడు పైపొర కింద, రక్తనాళాల చుట్టూ, లోపలి ద్రవపు గదుల అంచుల్లో, బూడిదరంగు పదార్థం తెల్ల పదార్థం కలిసేచోట, అంటే ఒకరకం కణజాలం ఇంకోరకాన్ని తాకే ప్రతి సరిహద్దులోనూ మచ్చలు కట్టి కనిపించాయి. అల ఒక పదార్థంలోంచి ఇంకో పదార్థంలోకి దాటేచోటే శక్తి ఎక్కువ దిగుతుంది కాబట్టి ఆ చోట్లు భౌతికశాస్త్రానికి సరిగ్గా సరిపోతాయి. క్రీడాకారులకు పదేపదే తలదెబ్బలు తగిలి వచ్చే సీటీఈ అనే మెదడు జబ్బు మచ్చల తీరు ఇది కాదు. మామూలు ఎంఆర్ఐలో ఇవి కనపడవు. మా బాబాయి చేతిలో ఉన్న నార్మల్ రిపోర్టుకు ఉన్న అర్థం అంతే, ఎంఆర్ఐ చూడగలిగినవి లేవని.

ఇక్కడ నేను చదువుతూ చదువుతూ ఆగిపోయిన చోటొకటి ఉంది. ఆ మచ్చలు కట్టింది ఆస్ట్రోసైట్లు. మైక్రోస్కోపు కింద వాటిని చూడటానికి ఏ ప్రొటీన్‌కు రంగు పట్టించారో తెలుసా, అదే జీఎఫ్ఏపీ. పోయినవాళ్ల మెదడు ముక్కలో గోధుమరంగులో మెరిసిందీ, బతికున్నవాళ్ల రక్తంలో పికోగ్రాముల్లో మేం వెతికేదీ ఒకటే ప్రొటీన్. అలాంటప్పుడు ఈరోజు బాబాయి చెయ్యి చాపమని రక్తం తీసి జీఎఫ్ఏపీ చూస్తే మచ్చ ఉందో లేదో తెలిసిపోవాలి కదా అనిపిస్తుంది. తెలియదు. ఎందుకో చెబుతాను, ఈ పోస్టు మొత్తంలో నాకు ముఖ్యమైనది ఇదే.

ప్రతి ప్రొటీన్‌కూ ఒక గడియారం ఉంటుంది. దెబ్బ తగిలాక జీఎఫ్ఏపీ గంటలోపే రక్తంలో కనపడటం మొదలై, సుమారు 20 గంటలకు శిఖరానికి చేరి, తర్వాత రోజులమీద దిగిపోతుంది. యూసీహెచ్-ఎల్1 ఇంకా తొందరగా, ఎనిమిది గంటలకే పైకి చేరి రెండు రోజుల్లో దాదాపు కిందికి వచ్చేస్తుంది. న్యూరోఫిలమెంట్ లైట్ అని ఇంకోటి ఉంది, నాడీతంతువుల లోపల దూలాల్లా నిలబెట్టే ప్రొటీన్, ఇది నిదానంగా లేచి వారాలు, నెలలు కూడా ఉంటుంది, అందుకే పాత గాయాలకు దీనిమీద ఆశ ఎక్కువ. అమెరికాలో మాజీ సైనికుల మీద చేసిన ఒక అధ్యయనంలో, మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు తలదెబ్బలు తగిలినవాళ్లలో ఏళ్ల తర్వాత కూడా ఈ ప్రొటీన్ ఎక్కువగా కనిపించింది. మంచిదే, కానీ న్యూరోఫిలమెంట్ వయసుతో దానంతట అదే పెరుగుతుంది, కిడ్నీ సరిగా పనిచేయకపోతే పెరుగుతుంది, ఒళ్లు బరువున్నవాళ్లలో తక్కువగా కనపడుతుంది. యూసీహెచ్-ఎల్1 ఎముక విరిగిన దెబ్బల్లో కూడా కొంత లేస్తుంది. యూరప్‌లో వాడే ఎస్100బీ అనే పాత మార్కర్, అంటే దెబ్బను పట్టించే ప్రొటీన్, కొవ్వులోంచీ వస్తుంది, గట్టిగా పరుగెత్తినా పెరుగుతుంది. సైనికుడు ఏం చేస్తాడు మరి, బరువులు మోస్తాడు, పరుగెత్తుతాడు, నిద్ర లేకుండా ఉంటాడు, అదే రోజు గన్ కూడా పేలుస్తాడు. రక్తంలో కనిపించిన పెరుగుదల దేనిదని చెబుతాం?

ల్యాబులో ఉన్నవాళ్లకు దీనికి జవాబు కొత్తగా నేర్పక్కర్లేదు. గుండెనొప్పితో వచ్చినవాడి రక్తంలో ట్రోపోనిన్, అంటే గుండె కండరం దెబ్బతింటే బయటికొచ్చే ప్రొటీన్, కొంచెం ఎక్కువుందనుకోండి, ఒక్క రిపోర్టు చూసి కంగారుపడం, కొన్ని గంటలు ఆగి మళ్లీ రక్తం తీస్తాం, పెరుగుతోందా, దిగుతోందా, అలాగే ఉందా. కిడ్నీ పేషెంటుకు ఎప్పుడూ కొంచెం ఎక్కువే ఉంటుంది, అది అతని మామూలు. మనిషిని ఇంకో మనిషితో పోలిస్తే ఒకటి తెలుస్తుంది, మనిషిని అతనితోనే పోలిస్తే అసలు సంగతి తెలుస్తుంది. మెదడు మార్కర్లకు ఇది పదింతలు నిజం. కావలసింది ముందు రక్తం. మొదటి రౌండు పేలకముందు తీసిన ఒక ట్యూబు, కోర్సు అయ్యాక ఒకటి, ఏడాదికొకటి, దానితో పాటు ఎన్ని పేలాయో రాసిన లెక్క. ఈ రెండూ ఉంటే 30 పికోగ్రాములు అనే గీత అవసరమే తగ్గిపోతుంది, ఆ మనిషి గీత ఆ మనిషికే ఉంటుంది.

ఇలా చేసి చూసినవాళ్లున్నారు. న్యూజిలాండ్ సైన్యంలో రెండు వారాల బ్రీచింగ్ కోర్సులో ఉన్నవాళ్ల మీద జరిగిన అధ్యయనం 2013లో వచ్చింది, కోర్సుకు ముందూ, మధ్యలోనూ, తర్వాతా రక్తం తీసి, ఆలోచన వేగాన్ని కొలిచే పరీక్షలు పెట్టి, లక్షణాలు అడిగారు. రక్తంలో మార్పు బాగా ఎక్కువ కనిపించినవాళ్లలోనే పరీక్షల్లో తడబాటు, తలనొప్పుల్లాంటి లక్షణాలు కూడా ఎక్కువగా కనిపించాయి. చిన్న అధ్యయనం, కొద్దిమందే, అయినా నాకు దాని పద్ధతి నచ్చింది. 2021లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చినది వేరే రకం, మెదడు గాయం ఉందని ఎవరూ నిర్ధారించని సైనికులు, పోలీసుల రక్తాన్ని పేలుళ్లు ఎరగనివాళ్ల రక్తంతో పోల్చారు, కొన్ని మెదడు ప్రొటీన్లు తేడాగా కనిపించాయి. 2024లో బోస్టన్‌కు చెందిన బ్రయాన్ ఎడ్లో బృందం 30 మంది ప్రత్యేక దళాల సైనికుల మీద స్కానులు, రక్తం, జ్ఞాపకశక్తి పరీక్షలు అన్నీ కలిపి చేసింది. పేలుళ్ల లెక్క పెరిగేకొద్దీ మెదడు ముందుభాగంలో, ఆలోచననూ ఆవేశాన్నీ అదుపుచేసే ఒక చోట కార్టెక్స్, అంటే మెదడు పైపొర, మందంలో మార్పు కనిపించింది. ఈ ఒక్క పరీక్షతో తేల్చేయొచ్చని వాళ్లు అనలేదు, అన్నీ కలిపి చూడాలన్నారు. నాకు సబబుగా అనిపించింది.

ముందు రక్తం ఎంత విలువైనదో చెప్పడానికి ఇంకో చోటి ఉదాహరణ. అమెరికా సైన్యం 1980ల నుంచి ప్రతి సైనికుడికీ హెచ్ఐవీ పరీక్ష చేసి, మిగిలిన సీరమ్‌ను, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవాన్ని, పారేయకుండా గడ్డకట్టించి దాచిపెడుతోంది. కోట్ల ట్యూబులు. వేరే పనికోసం దాచిన ఆ సీరమ్‌ను తీసి, తర్వాతి కాలంలో మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే నరాల జబ్బు వచ్చిన సైనికుల పాత నమూనాల్లో న్యూరోఫిలమెంట్ చూస్తే, జబ్బు లక్షణాలు బయటపడడానికి ఏళ్ల ముందే అది పెరిగి ఉంది, 2020లో జామా న్యూరాలజీలో వచ్చింది. మనిషి బాగున్నాననుకుంటున్న రోజుల్లోనే రక్తం సంగతి చెప్పేసింది. ఆ ట్యూబు దాచినవాళ్లకు అప్పట్లో ఈ ప్రొటీన్‌ను రక్తంలో కొలవొచ్చనే తెలియదు! ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మనకూ భర్తీలో మెడికల్ చేస్తారు, రక్తం తీస్తారు, గ్రూపు చూస్తారు. సూది ఎలాగూ గుచ్చుతున్నారు. ఇంకో రెండు మిల్లీలీటర్లు, ఒక బార్‌కోడు, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు. ఖర్చు లేదని కాదు, ఫ్రీజర్లు, కరెంటు, రికార్డులు చూసే మనుషులు అన్నీ కావాలి, నేను ల్యాబు మనిషిని, నాకు ఆ ఖర్చు తెలుసు. కానీ గన్ను ఎంతకు కొన్నామో, షెల్లు ఎంతకు కొన్నామో దాని పక్కన పెట్టి చూడండి.

2024 ఆగస్టులో అమెరికా రక్షణశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది, పేలుడు ఒత్తిడి 4 పీఎస్ఐ దాటే ఆయుధాల దగ్గర జాగ్రత్తలు తీసుకోవాలని, ఎంత దూరంలో నిలబడాలో చెప్పాలని, కొత్తగా చేరేవాళ్లకు మొదట్లోనే ఆలోచనశక్తి పరీక్ష పెట్టి ఆ ఫలితాన్ని దాచాలని. పీఎస్ఐ అంటే మనం బండి టైరుకు గాలి కొట్టించేటప్పుడు చెప్పే అదే లెక్క. మొదటి రోజు ఫలితం దాచాలన్న ఆ ఒక్క వాక్యం కోసం అక్కడ కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఏళ్ల తరబడి తిరిగారు. రక్తం కూడా అందులో చేరాలని నా కోరిక.

మన సంగతికి వస్తే, కార్గిల్‌లో మన ఫిరంగులు, మోర్టార్లు, రాకెట్ లాంచర్లు కలిపి రెండున్నర లక్షల దాకా షెల్లులు, బాంబులు, రాకెట్లు కాల్చాయని లెక్క. టైగర్ హిల్ తిరిగి పట్టుకున్న రోజు ఒక్కరోజే 9,000. మనం ఆ అంకెల్ని గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ ప్రతి షెల్లుకూ ఇటువైపు కూడా ఒక అల ఉంటుంది, దాని మధ్యలో నిలబడ్డవాడు మా బాబాయి. ఇప్పుడు అగ్నివీరులుగా వెళ్తున్న పిల్లల్లో చాలామంది నాలుగేళ్లకు తిరిగొచ్చేస్తారు. ఇరవై రెండేళ్లు చేసినవాడికైతే కనీసం ఒక పెన్షన్ పుస్తకం, ఒక పాలీక్లినిక్, పాత రెజిమెంటు వాళ్ల ఫోన్ నంబర్లు ఉంటాయి. నాలుగేళ్లలో ఆ పిల్లవాడి పక్కన ఏమేం పేలాయో రాసిన కాగితం ఒకటి అతని చేతికి ఇచ్చి పంపాలి. పదిహేనేళ్ల తర్వాత ఎవరో ఒక న్యూరాలజిస్టు ముందు కూర్చున్నప్పుడు ఆ కాగితం కావాలి. మీ ఇంట్లో గన్నరో, మోర్టార్ వాడో, ఇంజనీర్ రెజిమెంటులో పేలుడు పదార్థాలతో పనిచేసినవాడో ఉంటే, తలనొప్పి, మతిమరుపు, కోపం అని డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ సంగతి మీరే ముందు చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి. రక్తపరీక్ష రాకముందే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి: నిద్ర సంగతి చూడటం, బీపీ అదుపులో పెట్టడం, వినికిడి మెషీన్ పెట్టించడం, డిప్రెషన్ ఉంటే దానికి మందు. మా బాబాయికి వినికిడి మెషీన్ పెట్టించాక సగం చిరాకు తగ్గింది, ఆ మాట పిన్నే చెప్పింది.

ఉగాదికి మళ్లీ వెళ్లాను. ఆయన మరిచిపోయి ఉంటాడనుకున్నా, కాళ్లు కడుక్కోగానే, "తేలిందా?" అన్నాడు. చెప్పాను. పరీక్ష ఉంది బాబాయ్, కానీ అది నిన్న పడ్డ దెబ్బకు. నీకు కావాల్సిన పరీక్షకు 1986లో నీ రక్తం ఒక ట్యూబు తీసి పెట్టి ఉండాలి, ఎవరూ పెట్టలేదు. ఇప్పుడు తీసి చూస్తే ఒక అంకె వస్తుంది, అది దేనివల్లో నేను చెప్పలేను, నీకు అబద్ధం చెప్పలేను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి ఇప్పుడు చేసేదేం లేదా?" అన్నాడు.

ఉంది అన్నాను. పరిశోధకులు పాత సైనికుల్ని అడిగే ప్రశ్నల పట్టిక ఒకటుంది, ఏ ఆయుధం, ఎన్నేళ్లు, ఏడాదిలో ఎన్ని నెలలు, నెలలో ఎన్ని రోజులు, రోజుకు ఎన్నిసార్లు, ఇలా అడిగి జీవితం మొత్తం మీద పేలుళ్ల లెక్క ఒకటి కడతారు. రక్తం లేకపోయినా లెక్క రాయొచ్చు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అది పెట్టొచ్చు. మా తమ్ముడి పాత లాంగ్ నోట్‌బుక్ ఒకటి తెచ్చి మొదటి పేజీలో 1986 అని రాశాను.

పొద్దున తిన్నది ఉప్మానో దోశో చెప్పలేని మనిషి, ఏ సంవత్సరం ఏ రేంజిలో ఉన్నారో, గన్ మీద తన నంబరెంతో, ఏ చార్జ్, అంటే ఎంత మందుగుండు, వేస్తే దెబ్బ ఎంత గట్టిగా ఉండేదో, గాలి ఎటు వీచిందో వరసగా చెప్పుకుంటూ పోయాడు. 1999 జూన్ దగ్గరికి వచ్చేసరికి రోజులవారీగా చెప్పాడు. కొన్ని రాత్రులకు అంకె చెప్పలేదు, "రాయి, తెల్లారేదాకా" అన్నాడు, నేను అలాగే రాశాను. పిన్ని టీ తెచ్చి గుమ్మం దగ్గరే నిలబడి వింది, ఇరవై ఆరేళ్లలో ఆమెకు ఆ సంగతులు ఎప్పుడూ చెప్పలేదట. పదకొండు పేజీలయ్యాక ఇక చాలన్నాను. గన్ దగ్గర ఆర్డరు వచ్చాక దాన్ని తిరిగి గట్టిగా చదివి వినిపించాలట, తప్పుపోకుండా. "తిరిగి చదువు" అన్నాడు. మొదటి పేజీ నుంచి చదివాను. రెండుచోట్ల నన్ను ఆపి దిద్దించాడు.